కుట్టని దోమ

తెలుగు భాష మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. మనిషి నెత్తురు తాగే పురుగునీ దోమే అంటాం, వరి దుబ్బులో చేరి రసం పీల్చే పురుగునీ దోమే అంటాం. రెండింటికీ చుట్టరికం లేదు, పోలికా లేదు. రైతు ‘చేనుకి దోమ పట్టింది’ అంటే ఆ ఏడు తిండిగింజలు పోయినట్టు. మనం ‘ఇంట్లో దోమలు’ అంటే సాయంత్రం తలుపులు వేసుకోవాలన్నట్టు. పొలం పక్కన బతికినంతకాలం ఈ తేడా ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. కానీ మేమంతా ఊళ్ళు వదిలి భిలాయి వచ్చేశాం. పొలం వెనకే ఉండిపోయింది, మాట మాత్రం మాతో రైలెక్కి వచ్చింది.

జంతుశాస్త్రం చదువుకుంటున్న పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరకొచ్చి, మీ పరిశోధనలో మరిచిపోలేని రోజేది అని అడుగుతుంటారు. ఏదో కనిపెట్టిన రోజు గురించి చెబుతానని వాళ్ళ ఆశ. నాయనలారా, నేను కనిపెట్టింది ఏమీ లేదు. కనిపెట్టబోయి ఆగిపోయిన దాని గురించి చెబుతాను, వినే ఓపిక ఉంటే.

డెబ్భైల చివరి రోజులవి. మా ఆయన స్టీల్ ప్లాంటులో ఇంజినీరు. పెళ్ళయి భిలాయి వచ్చేనాటికి నా చేతిలో పురుగుల శరీరధర్మాల మీద పట్టా ఉంది, చేయడానికి పని లేదు. అక్కడికి దగ్గర్లో ఓ కాలేజీలో వరి చీడల మీద చిన్న పరిశోధన పథకం వస్తే అందులో చేరాను. ఆ కాలేజీ వెనక రేకుల షెడ్డు ఒకటి ఇచ్చారు. అందులో నైలాను తెరలు బిగించిన చెక్క పెట్టెలు, పెట్టెల్లో వరి మొక్కల కుండీలు, మొక్కల మీద సుడిదోమలు. గోధుమరంగులో, బియ్యపుగింజలో సగం కూడా ఉండని పురుగులు. మా ఆయన తన స్నేహితులకి నన్ను పరిచయం చేస్తూ, ‘నేను ఇనుము కరిగిస్తాను, మా ఆవిడ పురుగుల చేత ఉపవాసాలు చేయిస్తుంది’ అనేవారు.

ఆ మాట హాస్యానికన్నా నిజమే. ఆ ప్రాంతంలో పాతకాలపు వరి రకం ఒకటి ఉండేది. దాని మీద సుడిదోమని వదిలితే వెళ్ళి కాండం మీద కూర్చుంటుంది, సూదిలాంటి నోరు గుచ్చుతుంది, తీస్తుంది, మళ్ళీ ఇంకోచోట గుచ్చుతుంది. మింగదు. నోటి ముందు రసం ఉంటుంది, దానికి ఆకలీ ఉంటుంది, అయినా మింగదు. అలాగే ఎండిపోయి రాలిపోతుంది. ఎందుకు మింగదన్నదే నా పరిశోధన. పురుగు తిన్నదో లేదో తెలియాలంటే మొక్క మొదట్లో వడపోత కాగితం పెడతాం. తిన్న పురుగు తేనెబంక విసర్జిస్తుంది, కాగితానికి మందు పూస్తే అక్కడ ఊదారంగు మచ్చలు తేలతాయి. ఆ మొండి రకం కింద పెట్టిన కాగితం ఎప్పుడూ తెల్లగానే ఉండేది. అంత తెల్లకాగితాన్ని చూసి అంత సంతోషపడిన మనిషి ప్రపంచంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

షెడ్డులో నాకు తోడు అటెండరు. శ్రీకాకుళం వైపు మనిషి, ఇంచుమించు నా ఈడువాడే. ప్లాంటు దగ్గరి బస్తీ ఖుర్సీపార్‌లో ఉండేవాడు. మహా మాటకారి. పనిలో మాత్రం అంత శ్రద్ధ ఉండేది కాదు. కుండీలకి నీళ్ళు పోయడం మరిచిపోయి, ‘మొక్కలు కూడా ఉపాసం ఉన్నాయండి’ అనేవాడు. నేను గయ్‌మని లేచేదాన్ని. నా కోపం సంగతి ఆ కాలేజీలో అందరికీ తెలుసు. అతను మాత్రం నవ్వేవాడు.

అతనికి బాగా వచ్చిన పని ఒక్కటే, పురుగుల్ని పట్టడం. చేత్తో పడితే సుడిదోమ నలిగిపోతుంది. అందుకని ఓ గాజు గొట్టానికి రబ్బరు గొట్టం తగిలించి, మధ్యలో పలచని గుడ్డ అడ్డం పెట్టి, రబ్బరు చివర నోట్లో పెట్టుకుని గాలి పీలుస్తాం. పురుగు ఎగిరొచ్చి గాజులో పడుతుంది. మొదటిసారి చూసినవాళ్ళకి పురుగుల్ని జుర్రుకుంటున్నట్టే ఉంటుంది. అతను ఆ గొట్టం నోట్లో పెట్టుకునే ఓ చెంపన కబుర్లు చెప్పగలిగేవాడు.

అతని ఉద్యోగం పేరు సర్కారీ కాగితాల్లో ఏముందో కానీ, ఖుర్సీపార్‌లో అందరితో తన ఉద్యోగం గురించి ఒకటే చెప్పుకునేవాడు: ‘మా ఆఫీసుల దోమల్ని పెంచుతామర్రా.’ జనం విరగబడి నవ్వేవాళ్ళు. భిలాయిలో ఒకళ్ళు ఇనుము తయారుచేస్తే, ఒకళ్ళు రైలు పట్టాలు తయారుచేస్తే, ఇతగాడు దోమల్ని తయారుచేస్తాడట. అతనికి అదే కావాలి. ఛత్తీస్‌గఢీ రైతులు ఆ పురుగుని మాహో అంటారు. ఆ మాట వాడి ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు, కానీ నవ్వేవారూ కాదు.

అతనికి తల్లీ తండ్రీ లేరు. పెంచింది అక్క. వాళ్ళ వైపు అక్కని అప్ప అంటారు. అప్పకి పెళ్ళయి, బావకి ప్లాంటులో పని దొరికి భిలాయి వస్తూ తమ్ముణ్ణి కూడా వెంట తెచ్చుకుంది. అతనికి పెళ్ళిచేసి అదే వీధిలో నాలుగిళ్ళ అవతల కాపురం పెట్టించింది కూడా ఆవిడే. ఆవిడకి చాలా ఏళ్ళకి ఒక్కతే ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లకి ఈ మేనమామంటే ప్రాణం. షెడ్డు నుంచి ఇంటికెళ్ళేసరికి అతని చొక్కా మీదో జుట్టులోనో ఒకటి రెండు సుడిదోమలు ఉండేవి. ఎంత దులుపుకున్నా ఉంటాయి, నా చీర కొంగులోనూ ఉండేవి. ఆ పిల్ల గుమ్మంలో కాచుకుని ఉండి, వాటిని వెతికి పట్టుకునేదట. అతన్ని ‘దోమమావా’ అని పిలిచేదట. ఒకసారి దసరాకి పిల్లని షెడ్డుకి తీసుకొచ్చాడు. రెండు జడలు, పచ్చ పరికిణీ. నాతో హిందీలోనూ వాళ్ళ మావతో శ్రీకాకుళం తెలుగులోనూ మాట్లాడింది. ‘ఆంటీజీ, యే సబ్ మేరే మామా కే హై?’ అని అడిగింది, పెట్టెలన్నీ చూపించి. అవును, అన్నీ మీ మామవే అన్నాను.

ఆ మరుసటి వానాకాలం బస్తీల్లో జ్వరాలు పట్టుకున్నాయి. మలేరియా తగ్గిపోయిందని అందరూ అనుకుంటున్న రోజుల్లో మళ్ళీ వచ్చిపడింది. ఆ పిల్లకి జ్వరం వస్తే మామూలు వాన జ్వరమే అనుకున్నారు. మూర్ఛలు వచ్చాక ఆసుపత్రికి పరిగెత్తారు. డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. జ్వరం మెదడుకి పాకింది, పిల్ల దక్కలేదు.

అతను పనిలోకి తిరిగొచ్చాడు. నోరు తెరిస్తే ఆగని మనిషి, గొట్టం పట్టుకుని పెట్టె ముందు అలా నిలబడ్డాడు. ‘అమ్మగారూ, మా అప్ప నన్ను గుమ్మం తొక్కొద్దంది’ అన్నాడు.

ఎందుకని అడిగాను.

‘గుంటని నానే సంపీసినానంట. నా సొక్కాల దోమలొచ్చి కుట్టినాయంట. ఎదురింటి ముసల్ది అందట, నీ తమ్ముడు నోటితో దోమల్ని పీల్చి ఇంటికి తెస్తాడు కదే అని. ఇంక వీధంతా అదే మాట.’

నాకు ఒళ్ళు మండిపోయింది. ‘నువ్వు చెప్పలేదూ, ఇవి ఆ దోమలు కావని?’

‘సెప్పినానండి. దోమల్ని పెంచుతానని ఇన్నాళ్ళూ సెప్పింది నువ్వే కదా అంటన్నారు.’ అతను మళ్ళీ అన్నాడు, ‘నన్నేటన్నా పర్నేదండి. అప్ప తిండి తినట్నేదు. కంటెంట నీటిబొట్టు రావట్నేదు. ముందర కంచం ఎడతారు, సెయ్యెడతాది, తీసేస్తాది. ఆ మొండి మొక్క మీద మన దోమలున్నాయి చూడండి, అలగుంది. మీరొచ్చి సెప్పండమ్మగారూ. సదువుకున్నోరు సెప్తే ఇంటాది.’

మనిషికి తెలియక పొరబడితే తెలిసినవాళ్ళు వెళ్ళి చెప్పాలి, చెబితే సరిపోతుంది. అప్పట్లో నాకున్న మతం అదే. మర్నాడే ఓ గాజు గొట్టంలో నాలుగు సుడిదోమల్ని వేసుకుని ఖుర్సీపార్ వెళ్ళాను. రిక్షా దిగేసరికి వీధి వీధంతా ఆడవాళ్ళు బయటికొచ్చారు. పిల్ల తల్లి తన గుమ్మంలో స్తంభాన్ని ఆనుకుని కూర్చుని ఉంది. దగ్గరికి రాలేదు, లోపలికీ వెళ్ళలేదు.

గొట్టం పైకెత్తి చూపించాను. ‘చూడండమ్మా, మీరనుకుంటున్నట్టు ఇది దోమ కాదు.’

‘మరేటి?’ అంది ఎదురింటి ముసలావిడ.

ఎంత చదివినా మాతృభాష మాతృభాషే. నోటికొచ్చింది చెప్పాను. ‘సుడిదోమ.’

ఎవరో కిసుక్కున నవ్వారు. ముసలావిడ నవ్వలేదు. ‘అదే కదమ్మా మేవూ అంటన్నాం. దోమే.’

‘ఇది మనుషుల్ని కుట్టదు. వరిని పీలుస్తుంది.’

‘పీలిస్తే వరేటవుతాది?’

‘ఎండిపోతుంది.’

‘ఒక దుబ్బా, రెండు దుబ్బులా?’

‘ఒక్కోసారి చేలకి చేలే పోతాయి’ అన్నాను. నిజం కదా మరి.

‘సేలకి సేలు సంపీసే దానికి సిన్నగుంట ఓ లెక్కా తల్లీ?’ అంది ఆవిడ. ఎన్నో సభల్లో ఎన్నో ప్రశ్నలు ఎదుర్కొన్నాను కానీ, అంత గట్టి ప్రశ్న ఇంకెక్కడా ఎదురవలేదు.

ఇలా కాదని రెండో దారి పట్టాను. జ్వరం తెచ్చే దోమ ఎక్కడ పుడుతుందో చూపిస్తే వీళ్ళకే అర్థమవుతుంది కదా అనుకున్నాను. అక్కడ నల్లా ఎప్పుడు వస్తుందో తెలియదు, అందుకని ప్రతి ఇంటి ముందూ డ్రమ్ముల్లో నీళ్ళు పట్టి ఉంచుకుంటారు. దగ్గర్లో మూత లేని డ్రమ్ము ఒకటి కనిపిస్తే వెళ్ళి వంగి చూశాను. ఉన్నాయి. నీటి పైపొరని అంటుకుని అడ్డంగా తేలుతూ సన్నటి పిల్లపురుగులు. మామూలు దోమ పిల్ల తలకిందులుగా వేలాడుతుంది, మలేరియా దోమ పిల్ల ఇలా అడ్డంగా పడుకుంటుంది. నాకు భలే ఉత్సాహం వచ్చేసింది. ‘రండి, ఇదిగో చూడండి! జ్వరం తెచ్చే దోమ పిల్లలు ఇవి. మీ నీళ్ళలోనే పుడుతున్నాయి. మా షెడ్డులో కాదు!’ అని గట్టిగా అరిచినట్టే చెప్పాను.

ఒక్కొక్కరే వచ్చి తొంగి చూశారు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. గుమ్మంలో కూర్చున్న పిల్ల తల్లి లేచి లోపలికి వెళ్ళిపోయింది. హమ్మయ్య, అర్థమైందని నేను రిక్షా ఎక్కాను. అటెండరు సైకిలు మీద పక్కనే వస్తూ, మలుపు తిరిగాక మెల్లిగా చెప్పాడు. ‘అది మా అప్ప డ్రమ్మండి.’

రెండు రోజులు వాన. మూడో రోజు తెరిపిచ్చిందో లేదో, షెడ్డు తలుపు దగ్గర ఆవిడ. ఖుర్సీపార్ నుంచి నడిచే వచ్చిందట. చీర మోకాళ్ళ దాకా బురద. ఆవిడ వెనకే, ఏమవుతుందో చూద్దామని ఎదురింటి ముసలావిడా, ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళూ. అటెండరు గొట్టం నోట్లోంచి తీసి అలాగే నిలబడిపోయాడు. ఆవిడ అతనివైపు చూడలేదు.

‘సూపించండమ్మా’ అంది నాతో.

నేను సంతోషించాను. ఇక్కడ మాటలతో పనిలేదు కదా. అన్నిటికన్నా ఎక్కువ పురుగులున్న పెట్టె దగ్గరికి తీసుకెళ్ళాను. పెట్టెకి గుడ్డతో కుట్టిన చేతి తొడుగు ఉంటుంది, అందులోంచి చెయ్యి లోపలికి పెట్టాలి. ముందు నా చెయ్యి పెట్టాను. మొక్కల్ని కదిపితే సుడిదోమలు పైకెగిరి మోచేతి దాకా వాలాయి. కాసేపు ఉంచి తీసి చూపించాను, ఒక్క దద్దురు లేదు. ‘ఇప్పుడు మీరు’ అన్నాను.

ఆవిడ గాజులు పైకి తోసుకుని చెయ్యి పెట్టింది. పొయ్యి దగ్గర కాలిన మచ్చలున్న సన్నటి చెయ్యి. పురుగులు వచ్చి వాలాయి. వేళ్ళ మధ్యన నడిచాయి. ఆవిడ తెరకి మొహం ఆనించి చూసింది. కుడితే బాగుండునని ఎదురుచూస్తున్నట్టు చూసింది. ఆ సంగతి ఆ క్షణాన నాకు తట్టలేదు. నా దృష్టంతా పురుగుల మీద ఉంది.

చాలాసేపటికి, ‘కుట్టట్నేదు’ అంది.

‘కుట్టవమ్మా. నేను చెప్పాను కదా’ అన్నాను.

చెయ్యి బయటికి తీసుకుని, దాన్ని రెండో చేత్తో పట్టుకుని నావైపు తిరిగింది. ‘అయితే నా డ్రమ్మేనా అమ్మా?’

మళ్ళీ ఆవిడే అంటోంది, నాతో కాదు, ఎవరితోనూ కాదు. ‘మూతెట్టవే అని మా ఆయన సెప్పినారు. మూతెడితే గుంటకి నీలు ముంచుకోడం రాదని నానే తీసీసినాను. ఆ నీలే పోసీదాన్ని. అయితే నానేనా?’

‘ఏ దోమ ఏ నీళ్ళలో పుట్టిందో ఎవరూ చెప్పలేరమ్మా, వీధిలో అన్ని డ్రమ్ములున్నాయి’ అని మొదలుపెట్టాను. అదీ నిజమే. కానీ అప్పటికే ఆవిడకి వినబడటం లేదు. మొహం చూస్తే నాకు భయం వేసింది. అంతవరకూ ఆవిడలో ఏ కాస్త పట్టు ఉందో అది తమ్ముడి మీద కోపం. దాన్ని నేను శాస్త్రబద్ధంగా పీకేశాను.

‘కుడతాయప్పా’ అన్నాడు అటెండరు.

అందరం అతనివైపు తిరిగాం.

‘ఇయ్యాల కడుపు నిండిపోయి ఉన్నాయి, అందుకే కుట్టట్నేదు. ఆకలేస్తే కుడతాయి. నన్ను రోజూ కుడతాయి, సూడు.’ చొక్కా చేతులు పైకి లాగి ముంజేతులు చూపించాడు. నిండా సన్నటి ఎర్రటి గీతలు. వరి ఆకులు కోసిన గీతలవి. రోజూ కుండీలు మార్చే మా ఇద్దరికీ ఉంటాయి. ‘అమ్మగారికి తెల్దు. ఆయమ్మ సదువుకున్నోరు, పెట్టెలు మోసీది నాను. నా సొక్కాల నానే తెచ్చినాను. ఎన్నోసార్లు తెచ్చినాను. నీ డ్రమ్ము కాదప్పా.’

పిల్లలూ, ఇక్కడ నిజాయితీగా ఒకటి చెప్పాలి. బాగా ఆకలితో ఉన్న ఇలాంటి పురుగు ఎప్పుడో ఓసారి మనిషి చర్మం మీద నోరు గుచ్చి చూడటం ఉంది. చీమ కుట్టినంత. నెత్తురు తాగదు, జ్వరం తేదు. కాబట్టి అతను చెప్పింది పూర్తి అబద్ధం కాదు. కానీ అతనికి ఆ సంగతి తెలియదు. అతను అబద్ధమే చెప్పాడు.

నేను కాదని అరవడానికి నోరు తెరిచాను. అంతలోనే ఆవిడ వెళ్ళి అతన్ని చెంప మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. ‘సచ్చినోడా, నా గుంటని తినీసినావురా’ అని గుండెల మీద గుద్దింది. అతను వెనక్కి జరగలేదు, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. గుద్దీ గుద్దీ ఆవిడ అక్కడే కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపు విని కాలేజీ వరండాలోంచి పిల్లలు పరిగెత్తుకొచ్చారు. ముసలావిడ ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుంది. అలా చాలాసేపు ఏడ్చాక, వాళ్ళే లేవదీసి తీసుకెళ్ళారు.

నేను అతని మీద విరుచుకుపడ్డాను. ఎందుకిలా చేశావు, ఇంతమంది ముందు ఇంత అబద్ధమా, రేపు ఏమవుతుందో తెలుసా అని. అతను చెంప తడుముకుంటూ, ‘అప్ప ఏడిసిందండి’ అన్నాడు. ‘గుంట పోయినకాడి నుంచి ఇదే మొదులు.’

‘మరి ఆ డ్రమ్ము? అందులో ఇంకా పుడుతూనే ఉంటాయి కదయ్యా, వీధిలో ఇంకా పిల్లలున్నారు కదా!’

‘మీరు సెప్పిన సాయంత్రమే దాన్ని పాత సామాన్లు కొనీ కబాడీవోడికి ఇచ్చీసినానండి. దొంగలెత్తుకుపోనారనుకుంది. మిగతా డ్రమ్ములకి బావా నానూ కలిసి గుడ్డలు కడతన్నాం, పిల్లులు పడతన్నాయని సెప్పి.’

నా మాట ఆ వీధిలో నమ్మిన మనిషి అతనొక్కడే అన్నమాట.

రేపు ఏమవుతుందని నేను భయపడ్డానో అదే అయింది. షెడ్డులో పనిచేసేవాడే ఒప్పుకున్నాక ఇంక సాక్ష్యం ఏం కావాలి? బస్తీ పెద్దలు కాలేజీకి వచ్చారు. మా ప్రిన్సిపాలుగారు మంచివారే, కానీ గొడవంటే ఆమడదూరం. నేను సుడిదోమ గురించి హిందీలో, ఇంగ్లీషులో, బొమ్మలు గీసి కూడా చెప్పాను. ఆయన అంతా విని, ‘మేడమ్, ఆప్ సహీ హై. లేకిన్ వో బచ్చీ మర్ గయీ హై’ అన్నారు. మీరన్నది నిజమే, కానీ అక్కడ పిల్ల చనిపోయింది కదా అని. దోమలమందు కొట్టేవాళ్ళని పిలిపించారు. వాళ్ళు మూతికి గుడ్డలు కట్టుకుని వచ్చి షెడ్డులో పొగ వదిలారు. తలుపులు తీసేసరికి పెట్టెల అడుగున గోధుమరంగు పొట్టులా పరుచుకుని ఉన్నాయి. మొండి రకం మొక్కల మీదవీ, దోమకి లొంగే మెత్త రకం మొక్కల మీదవీ, తిన్నవీ, తిననివీ, అన్నీ ఒకటే. అటెండరే చీపురు తెచ్చి ఊడ్చాడు. నేను కుర్చీలో కూర్చుని ఏడ్చాను.

పురుగుల్ని మళ్ళీ పొలం నుంచి తెచ్చుకోవచ్చు. కానీ ఆ షెడ్డులో పురుగన్న మాటే ఎత్తడానికి వీల్లేదన్నారు, పథకం గడువు కూడా తీరింది, పొడిగించలేదు. అతనికి పని పోయింది. భిలాయి శివార్లలోని హథ్‌ఖోజ్‌లో బోల్టులు కోసే చిన్న కార్ఖానాలో చేరాడని విన్నాను. నన్ను ఆ కాలేజీలోనే పాఠాలు చెప్పమన్నారు. రిటైరయ్యేదాకా బొద్దింకని కోసి చూపించడంతోనే గడిచిపోయింది. ఆ పురుగు ఎందుకు మింగదన్నది తర్వాత వేరే ఊళ్ళలో వేరేవాళ్ళు కొంత తేల్చారు. చదివి సంతోషించాను. సంతోషం ఒక్కటే అంటే అబద్ధం. ఆ పత్రిక మూసి, ఆ రోజు వంట చేయలేదు.

అతని మీద నాకు కోపం చాలా ఏళ్ళు ఉంది. పిల్లని పోగొట్టుకున్నవాళ్ళ ముందు నా పురుగులేపాటివి అని ఎవరైనా అంటే, అవి నా బతుకండీ అనేదాన్ని. ఇప్పటికీ అతను చేసింది ఒప్పని రాయడానికి నా చెయ్యి ఆడదు. తప్పని రాయడానికీ ఆడదు. ఇంకా మీలాంటి పిల్లలకి తేల్చి చెప్పాల్సిన వయసులో ఉండి ఇలా నీళ్ళు నములుతున్నాను, ఏం చేయను.

ఎనభైల మధ్యలో ఓ వేసవి, విశాఖపట్నం వెళ్దామని దుర్గ్ స్టేషన్లో కూర్చుని ఉన్నాను. ‘అమ్మగారూ’ అని ఎవరో పిలిచారు. అతనే. చెవుల దగ్గర జుట్టు నెరిసింది, ఒక వేలు సగానికి లేదు, కార్ఖానాలో పోయిందట. అప్పని ఊరు తీసుకెళ్తున్నాడు. కాస్త దూరంలో, మూటల మధ్య బెంచీ మీద ఆవిడ కూర్చుని ఉంది. మేము మాట్లాడుకుంటున్నంతసేపూ ఆవిడ అతన్ని పిలుస్తూనే ఉంది. మూట ఎక్కడ పెట్టావురా సచ్చినోడా, నీలు తెమ్మంటే ఎక్కడ సచ్చినావురా, నా కొంప కూల్చినోడా, అని. పక్కన కూర్చున్నవాళ్ళు ఇబ్బందిగా చూస్తున్నారు. అతను మాత్రం, ‘వస్తన్నానప్పా’ అంటున్నాడు ప్రతిసారీ.

‘ఇన్నేళ్ళయినా ఇంతేనా?’ అన్నాను.

‘రోజూ తిడతాదండి. పొద్దున్న లెగిసి మొదలెడతాది. తిట్టీసి అన్నం తింటాది’ అన్నాడు.

నా కళ్ళు ఊరుకోలేదు. నాలోని పాత మేష్టరమ్మా ఊరుకోలేదు. ‘ఎంతకాలం మోస్తావయ్యా నువ్వు చెయ్యనిదాన్ని? ఆవిడ గట్టిపడింది కదా. ఇప్పుడైనా నిజం చెప్పెయ్యకూడదూ?’

రైలు వస్తోందని గంట కొట్టారు. బెంచీ మీద నుంచి మళ్ళీ కేక. అతను నీళ్ళ సీసా అందుకుని, అటు రెండడుగులు వేసి, ఏదో చిన్నపిల్లకి చెబుతున్నట్టు నావైపు తిరిగి అన్నాడు:

‘సెప్పీస్తే మరింకెవుల్ని తిడతాదండి?’